మా ట్రైల్స్‌కి ఏ మౌంటెన్ బైక్ సరిపోతుంది: హార్డ్‌టెయిలా, ఫుల్ సస్పెన్షనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఒకసారి చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. ఎనిమిది నెలలుగా స్నేహితుడి పాత 26 అంగుళాల సైకిల్ మీద దగ్గర్లోని 11 కిలోమీటర్ల ట్రైల్ తొక్కుతున్నారు. చాలావరకు గట్టి మట్టి, అక్కడక్కడ జారే గులకరాళ్లు, ఒకచోట చెట్ల వేర్లు, రెండు ఎక్కుళ్లు, చివర్లో 200 మీటర్ల రాళ్ల దిగుడు. ఆ దిగుడు దగ్గర ఇప్పటికీ దిగిపోయి సైకిల్‌ని నడిపించుకుంటూ వెళ్తున్నారు. మీ ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. మీ ముందు రెండు బళ్లున్నాయి. ఒకటి 120 మిల్లీమీటర్ల ఫోర్కు ఉన్న కొత్త హార్డ్‌టెయిల్, అంటే ముందు ఫోర్కులో మాత్రమే స్ప్రింగ్ ఉండి వెనక లేనిది. రెండోది దాదాపు అదే ఖర్చులో దొరుకుతున్న ఆరేళ్ల నాటి సెకండ్ హ్యాండ్ ఫుల్ సస్పెన్షన్, అంటే వెనక కూడా షాక్ అనే స్ప్రింగ్ ఉన్నది, ముందూ వెనకా 150 మిల్లీమీటర్లు. "కొనేదేదో ఒకేసారి పెద్దది కొనెయ్" అని స్నేహితులు రెండోదాని వైపు లాగుతున్నారు.

హార్డ్‌టెయిల్ కొనండి. 29 అంగుళాల చక్రాలు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, ముందూ వెనకా త్రూ యాక్సిల్ (చక్రం మధ్యలోంచి దూరి బిగుసుకునే లావు ఇరుసు), వెనక కనీసం 46 పళ్ల పెద్ద గేరు ఉంటే చాలు, రంగు మీకు నచ్చింది తీసుకోండి. మొదటి నెలలోనే టైర్లు మార్చి ట్యూబ్‌లెస్ చేయించండి. ఈ జవాబు తిరగబడే సందర్భాలు రెండు మూడు ఉన్నాయి, అవీ చెప్తాను. ముందు అసలు ఎందుకో వినండి.

నేను 17 ఏళ్లుగా మట్టిలో తొక్కుతున్నాను, అందులో తొమ్మిదేళ్లు రిపేర్ బల్ల దగ్గర గడిచాయి. నా డబ్బుతో కొన్న మొదటి మంచి బండి 160 మిల్లీమీటర్ల ట్రావెల్ (చక్రం పైకీ కిందకీ కదిలే దూరం) ఉన్న ఎండ్యూరో బైక్, అంటే నిటారు దిగుళ్ల కోసం చేసింది. కొండ అంచుల మీంచి దూకేవాళ్ల వీడియోలు చూసి కొన్నాను. నేను రోజూ తొక్కే దారి మాత్రం మెలికలు తిరిగే చదునైన అడవి బాట. ఆ బండికి ఆ బాట ఆనలేదు. వేర్లున్నాయో లేవో తెలిసేది కాదు, మలుపుల్లో హ్యాండిల్ బద్ధకంగా తిరిగేది, ప్రతి చిన్న ఎక్కుడులోనూ నా బలం సగం వెనక షాక్‌ని నొక్కడానికే పోతున్నట్టు ఉండేది. పాత సాదా సైకిల్‌తో వచ్చే మిత్రుడు నన్ను దాటుకుంటూ పోయేవాడు. పద్నాలుగు నెలలకి అమ్మేశాను. నేల విడిచి సాము అంటారే, అక్షరాలా అదే చేశాను. ఎక్కడో ఉన్న కొండకి బండి కొని, కాళ్ల కింద ఉన్న నేలని మర్చిపోయాను.

అందుకే ఎవరు అడిగినా నా మొదటి మాట ఒకటే: బండి జోలికి పోకముందు ట్రైల్‌ని కొలవండి. ఫోన్‌లో జీపీఎస్ యాప్ ఆన్ చేసి మీ దారి మూడుసార్లు తొక్కండి. మొత్తం ఎంత ఎత్తు ఎక్కుతున్నారు, ఏ ఎక్కుడు ఎంత పొడవు, ఎంత వాలు, ఎక్కడెక్కడ దిగి నడిచారు అన్నవి రాసుకోండి. నడిచిన ప్రతిచోటా కారణం కూడా రాయండి: ఊపిరి అందలేదా, వెనక చక్రం గిర్రున తిరిగి పట్టు తప్పిందా, భయమేసిందా? ఈ మూడింటికీ మందులు వేరు. ఊపిరి అందకపోతే గేర్లు చూడాలి. చక్రం జారితే టైరు చూడాలి. భయమేస్తే బ్రేకులు, కూర్చునే తీరు, కొంచెం సాధన. వీటిలో ఒక్కదానికి కూడా మొదటి మందు వెనక సస్పెన్షన్ కాదని గమనించండి.

మీ లెక్కే తీసుకుందాం. 11 కిలోమీటర్లలో 200 మీటర్ల రాళ్ల దిగుడు అంటే నూటికి రెండు పాళ్లు కూడా కాదు. ఆ రెండు పాళ్ల కోసం మిగతా తొంభై ఎనిమిది పాళ్ల దూరం రెండు కిలోల అదనపు బరువు, అరడజను బేరింగులు, ఒక షాక్ మోసుకు తిరుగుతారా అన్నదే ప్రశ్న. ఇక్కడే మొదటి మినహాయింపు ఉంది. మీరు వారం వారం ట్రైల్‌కి వెళ్లేది ఆ 200 మీటర్ల కోసమే, మిగతాదంతా అక్కడికి చేరే దారి మాత్రమే అనుకుంటే లెక్క మారుతుంది. కొందరు నిజంగానే అలా ఉంటారు, ఒకే దిగుడుని పొద్దుటి నుంచి పదిసార్లు దిగుతారు. మీ ప్రశ్న చదివితే మీరు ఆ రకం అనిపించలేదు.

ట్రావెల్ అంకె దేన్ని చెప్తుంది? చక్రం పైకీ కిందకీ ఎన్ని మిల్లీమీటర్లు కదలగలదో చెప్తుంది, అంతే. దూరాలు వేగంగా పోవడానికి చేసిన క్రాస్ కంట్రీ బళ్లకి 100 నుంచి 120, అన్ని రకాల దారుల్లో తిరిగే ట్రైల్ బళ్లకి 120 నుంచి 150, నిటారు దిగుళ్ల కోసం చేసిన ఎండ్యూరో బళ్లకి 150 నుంచి 170, లిఫ్టులో పైకెళ్లి కిందకి దిగడానికే పుట్టిన డౌన్‌హిల్ బళ్లకి 200 దాకా ఉంటుంది. అంకె పెరిగితే బండి మెరుగైందని అర్థం కాదు. ఎంత గట్టి దెబ్బని ఊహించి ఫ్రేమ్ చేశారో చెప్తుందంతే.

ఆ ఊహని ఇంకా నేరుగా చెప్పేది ఒకటుంది, దాన్ని ఎవరూ చదవరు. బండితో వచ్చే పుస్తకం తెరవండి. చాలా కంపెనీలు ఏఎస్‌టీఎం ఎఫ్2043 అనే వర్గీకరణని అనుసరించి ఆ బండి ఏ పనికి పనికొస్తుందో 1 నుంచి 5 వరకు అంకెతో రాస్తాయి. 1 అంటే తారురోడ్డు. 2 అంటే కంకర దారులు, 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దిగడం వరకే. 3 అంటే కఠినమైన ట్రైల్స్, 61 సెంటీమీటర్ల వరకు. 4 అంటే 122 సెంటీమీటర్ల వరకు. 5 అంటే పెద్ద దూకుళ్లు, డౌన్‌హిల్. ముందు లావుపాటి ఫోర్కు, ముళ్ల టైర్లు, ఫ్రేమ్ మీద మౌంటెన్ అని పెద్ద అక్షరాలు ఉండి, పుస్తకంలో మాత్రం 2 అని ఉన్న సైకిళ్లు ఎన్నో నా బల్ల మీదకి వచ్చాయి, హెడ్‌ట్యూబ్ (ఫోర్కు దూరే ముందు గొట్టం) దగ్గర వెల్డింగ్ చీలిపోయి. మీ దారికి 3 ఉండి తీరాలి. అంతకు మించితే నష్టం లేదు, తగ్గితే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

ఇప్పుడు హార్డ్‌టెయిల్ సంగతి. వెనక స్ప్రింగ్ లేకపోవడం లోటే, కాదనను. వేర్ల మీద నిలబడి మోకాళ్లు వంచకపోతే నడుం చెప్తుంది ఆ సంగతి. కానీ మీరు నేర్చుకునే దశలో ఉన్నారు. హార్డ్‌టెయిల్ మీద తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది: తప్పు దారి ఎంచుకుంటే వెనక చక్రం గంతేస్తుంది, బరువు సరిగ్గా వేయకపోతే జారుతుంది. ఫుల్ సస్పెన్షన్ ఆ తప్పుల్ని మింగేస్తుంది. మూడేళ్లు ఫుల్ సస్పెన్షన్ మీద తొక్కి, తర్వాత హార్డ్‌టెయిల్ ఎక్కిన ఒకాయన నాతో "ఇన్నాళ్లూ బండే తొక్కింది, నేను కూర్చున్నానంతే" అన్నాడు. కాస్త ఎక్కువ చేసి చెప్పాడు గానీ, మాటలో నిజముంది.

రెండో కారణం ఖర్చు. ఒకే ధర పెట్టే రెండు కొత్త బళ్లలో, ఫుల్ సస్పెన్షన్ చేసేవాళ్లు వెనక షాక్, లింకులు, బేరింగుల కోసం ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. ఆ కోత బ్రేకుల్లో, ఫోర్కులో, చక్రాల్లో పడుతుంది. ప్రారంభ ధరల్లో ఇది బాగా కనిపిస్తుంది. చవక ఫుల్ సస్పెన్షన్ కంటే అదే ధర హార్డ్‌టెయిల్ ప్రతిసారీ మంచి బండి అని నేను మొహమాటం లేకుండా చెప్తాను.

మూడోది నిర్వహణ. ఫోర్కు కింది కాళ్లు విప్పి నూనె మార్చడం సుమారు 50 గంటల తొక్కుడుకి ఒకసారి చేయమంటారు. కొన్ని కంపెనీలు ఇంకొంచెం ఎక్కువ గడువిస్తాయి. వెనక షాక్‌కీ అలాంటి గడువే ఉంటుంది. దానికి తోడు వెనక ఫ్రేమ్ కీళ్లలో ఉండే పివట్ బేరింగులు. బురదలో తొక్కి పైపు పెట్టి జోరుగా నీళ్లు కొట్టి కడిగేవాళ్లయితే అవి ఏడాదికే కిర్రుమంటాయి. వారానికి రెండుసార్లు రెండేసి గంటలు తొక్కితే 50 గంటలు అంటే మూడు నెలలు. మీకు స్పానర్ పట్టుకోవడం సరదా అయితే ఇదేం భారం కాదు. లేకపోతే ఆలోచించండి.

మరి ఫుల్ సస్పెన్షన్ ఎప్పుడు? మీ దారిలో మూడో వంతుకి పైగా వరసగా రాళ్లూ వేర్లే ఉంటే. రైడ్ మూడు నాలుగు గంటలు సాగుతుంటే. నడుం నొప్పి ముందే ఉంటే, ఈ కారణం ఒక్కటి చాలు, మిగతా వాదనలన్నీ పక్కన పెట్టేయండి. అప్పుడు కూడా మీ నేలకి ముందు 130, వెనక 120 ఉన్న చిన్న ట్రావెల్ ట్రైల్ బైక్ సరిపోతుంది. 150 ఎక్కువే.

ఆ ఆరేళ్ల నాటి బండి మీంచి మనసు మళ్లనంటే, కనీసం ఇవి చూడండి. సీటు పట్టుకుని మెల్లగా పైకి లేపి వదలండి. చక్రం నేల వదలకముందే లోపల ఎక్కడో టక్‌మని వదులు తగిలితే పివట్లు గానీ షాక్ బుష్‌లు గానీ అరిగాయన్నమాట. ఫోర్కు గొట్టాల మీదా షాక్ గొట్టం మీదా గోరుతో గీసి చూడండి, గోరుకి గీత తగిలితే ఆ భాగం మార్చాల్సిందే. హెడ్‌ట్యూబ్ వెల్డింగులు, షాక్ బిగించిన చోటు, సీట్‌ట్యూబ్ అడుగు టార్చి వేసి వెతకండి. పెయింట్‌లో వెంట్రుక లాంటి గీత కనిపిస్తే పెయింటేనని సర్దిచెప్పుకోవద్దు. చైన్ ఎంత సాగిందో కొలిచే గేజ్ పెట్టండి. 12 స్పీడ్ చైన్ 0.5 శాతం సాగిందంటే మార్చే సమయం వచ్చింది. అది దాటి చాలాకాలం తొక్కి ఉంటే క్యాసెట్ (వెనక గేర్ల కట్ట) కూడా పోయినట్టే. చివరగా, ఆఖరి షాక్ సర్వీస్ ఎప్పుడో అడగండి. "అవసరం రాలేదు" అన్నారంటే చేయించలేదని అర్థం. ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుంది, దాన్ని ధరలో కలిపి చూసుకోండి.

టైర్ల దగ్గర పిసినారితనం వద్దు. నేలకి తగిలేది బండిలో అదొక్కటే. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా దగ్గరకి వచ్చిన "ఈ బండి నాకు పనికిరాదు" ఫిర్యాదుల్లో సగం టైరు ఫిర్యాదులే.

ఒకసారి ఒక కుర్రాడు తేలికపాటి క్రాస్ కంట్రీ బండి తెచ్చాడు. వారానికి రెండు పంక్చర్లు, దీన్ని అమ్మేసి పెద్ద బండి కొంటానన్నాడు. టైర్లు చూస్తే 2.1 అంగుళాలు, పక్కలు కాగితంలా పల్చన, లోపల ట్యూబులు, గాలి 40 పీఎస్ఐ. ట్యూబు మీద పక్కపక్కనే రెండేసి చిల్లులు. చక్రం రాతిని కొట్టినప్పుడు రిమ్‌కీ రాయికీ మధ్య ట్యూబు నలిగితే అలాగే పడతాయి. గాలి ఎక్కువ పెడితే పంక్చర్ ఆగుతుందని అతను ఇంకా ఇంకా కొట్టాడు, దాంతో బండి ప్రతి రాయి మీదా బంతిలా ఎగిరి మలుపుల్లో జారడం మొదలైంది. పక్కలు గట్టిగా ఉన్న 2.4 టైర్లు వేసి, ట్యూబ్‌లెస్ చేసి, ముందు 21, వెనక 24 పెట్టి పంపాను. ఆ బండి ఇప్పటికీ అతని దగ్గరే ఉంది.

మీ బరువుకి 2.4 ట్యూబ్‌లెస్ టైర్లలో ముందు 20–22, వెనక 23–25 పీఎస్ఐతో మొదలుపెట్టండి. హార్డ్‌టెయిల్ వెనక చక్రం దెబ్బలన్నీ నేరుగా తింటుంది కాబట్టి అక్కడ ఒకటి రెండు ఎక్కువే ఉండనివ్వండి. రాయి తగిలి రిమ్ ఠంగుమంటే ఒక పీఎస్ఐ పెంచండి, గులకరాళ్ల మీద తేలిపోతున్నట్టుంటే ఒకటి తగ్గించండి. డిజిటల్ గేజ్ కొనుక్కోండి, బొటనవేలితో నొక్కి చూస్తే 21కీ 27కీ తేడా తెలియదు. మీ గట్టి మట్టి, గులక మిశ్రమానికి ముందు చక్రానికి పక్క ముళ్లు బాగా పొడుచుకొచ్చిన టైరు, వెనక చక్రానికి నడి ముళ్లు పొట్టిగా, దగ్గరగా ఉన్న టైరు వేయండి. ముందు చక్రం జారితే పడతారు. వెనకది జారితే చాలాసార్లు నవ్వుకుని ముందుకెళ్తారు. ట్యూబ్‌లెస్ టైర్లో చిల్లులు పూడ్చే సీలెంట్ ద్రవం రెండు నుంచి ఆరు నెలల్లో ఆరిపోతుంది, ఎండ ఎక్కువైతే ఇంకా త్వరగా. టైరు ఊపితే లోపల నీళ్ల చప్పుడు రాకపోతే మళ్లీ పోయాలి.

బండి కొనేటప్పుడు రిమ్ ట్యూబ్‌లెస్‌కి పనికొస్తుందా అని అడగండి. లోపలి వెడల్పు 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటే 2.3, 2.4, 2.5 టైర్లు చక్కగా కూర్చుంటాయి.

గేర్ల లెక్క కాగితం మీద వేసుకోండి. ఎక్కుళ్లలో దిగిపోతున్నారని రాశారు, స్టామినా లేదని బాధపడ్డారు కూడా. మీ పాత సైకిల్‌కి ముందు మూడు చైన్‌వీళ్లున్నాయన్నారు కాబట్టి చిన్నది 28 పళ్లు, వెనక పెద్దది 28 పళ్లు అనుకుంటున్నాను. అలాంటి సైకిళ్లలో ఎక్కువగా ఉండేది అదే. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు, సుమారు 2.07 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 7.4 కిలోమీటర్ల వేగం. అంతకన్నా తేలిక గేరు మీకు లేదు. మీరు, బండి, నీళ్లు కలిపి 90 కిలోలు, వాలు 12 శాతం అనుకుంటే, ఆ వేగంతో బరువుని పైకి మోయడానికే దాదాపు 215 వాట్లు కావాలి. మట్టి రాపిడి వేరే. వారాంతాల్లో తొక్కే మనిషి ఐదు నిమిషాలు దాన్ని నిలబెట్టడం కష్టమే.

ఇప్పుడు కొత్త రకం బండి: ముందు 32, వెనక 51, చక్రం 29. ఒక చుట్టుకి 1.44 మీటర్లు. అదే 60 చుట్లకి 5.2 కిలోమీటర్ల వేగం, కావాల్సింది సుమారు 150 వాట్లు. కాళ్లు అవే, ఎక్కుడూ అదే, దిగాల్సిన అవసరం మాత్రం పోతుంది. అందుకే ముందు ఒకే చైన్‌వీల్, వెనక 10–51 లేదా 11–46 లాంటి వెడల్పు క్యాసెట్ ఉన్న బండి చూడండి. గేర్ల సంఖ్యని చూసి మోసపోవద్దు. 21 గేర్ల సైకిల్‌కి లేని తేలిక గేరు 12 గేర్ల సైకిల్‌కి ఉంటుంది.

బ్రేకుల గురించి చెప్పే ముందు చిన్న పిట్టకథ. కాలిఫోర్నియాలో మరిన్ కౌంటీ కొండల్లో 1976 అక్టోబరులో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో ఒక మట్టి దారిలో దిగుడు పందెం పెట్టుకున్నారు. దాదాపు 400 మీటర్ల ఎత్తు నుంచి కిందకి. ఆ సైకిళ్లకి పెడల్ వెనక్కి తొక్కితే పడే హబ్ బ్రేకులే ఉండేవి. కిందకి చేరేసరికి హబ్ వేడెక్కి లోపలి గ్రీజు పొగై పోయేది, ప్రతిసారీ విప్పి కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది. అలా మళ్లీ మళ్లీ కూరడం వల్లే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరొచ్చింది. మరుసటి ఏడాదే వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ ఇలాంటి దారుల కోసమే కొత్తగా ఫ్రేములు కట్టడం మొదలుపెట్టాడు. అంటే మౌంటెన్ బైక్ పుట్టుకే ఒక ఊరి పక్క దిగుడు నుంచి, ఆ దిగుడులో కాలిపోయిన బ్రేకుల నుంచి.

వేడి సమస్య ఇప్పటికీ అదే, రోటర్లే (బ్రేకు పట్టే పళ్లేలు) మారాయి. మీ దారికి ముందు 180, వెనక 160 లేదా 180 మిల్లీమీటర్ల రోటర్లతో హైడ్రాలిక్ బ్రేకులు చాలు. 203 మీ బరువుకి, 200 మీటర్ల దిగుడుకి అక్కర్లేదు. కేబుల్ డిస్క్ బ్రేకులు పనిచేస్తాయి గానీ, పొడవైన దిగుడులో వేళ్లు లాగేస్తాయి. హైడ్రాలిక్‌ని ఒక్క వేలితో పట్టొచ్చు, మిగతా మూడు వేళ్లూ హ్యాండిల్ మీద ఉంటాయి. ఆ రాళ్ల దగ్గర మీ భయంలో సగం దీనితోనే తగ్గుతుందని నా అంచనా.

మిగతా సగం సీటు. సీటు ఎత్తుగా ఉండగా నిటారు దిగుడు దిగితే శరీరం వెనక్కి, కిందకి వెళ్లడానికి చోటుండదు, ఎవరికైనా టెన్షనే. మీట నొక్కితే సీటు కిందకి దిగే డ్రాపర్ పోస్ట్ పెట్టించుకోండి. మీ ఎత్తుకి 125 లేదా 150 మిల్లీమీటర్లది. మీ బండితో రాకపోతే కొన్నాళ్లాగి కొనండి, కానీ ఫ్రేమ్‌లో దాని కేబుల్ వెళ్లే రంధ్రం ఉందో లేదో ఇప్పుడే చూడండి. అప్పటిదాకా రాళ్ల దగ్గర ఆగి, సీటు క్లాంప్ వదులు చేసి చేత్తో దించుకోండి. వచ్చే వారమే మీ పాత సైకిల్ మీద చేసి చూడండి.

29 అంగుళాలా, 27.5 అంగుళాలా అని ఒక పేరా నిండా అడిగారు. దీని మీద జరిగే గొడవంతా చూస్తే పెద్ద విషయం అనిపిస్తుంది గానీ, రిమ్ మీద టైరు కూర్చునే వ్యాసం ఒకదానికి 622, ఇంకోదానికి 584 మిల్లీమీటర్లు. వ్యాసార్థంలో తేడా 19 మిల్లీమీటర్లు. పెద్ద చక్రం గుంటల్లో తక్కువ పడుతుంది, ఊపు నిలుపుకుంటుంది. చిన్నది చురుగ్గా తిరుగుతుంది. హార్డ్‌టెయిల్‌కి 29 నయం, వెనక లేని సస్పెన్షన్‌ని కొంచెం అదే పూడుస్తుంది. 168 సెంటీమీటర్లకి 29 పెద్దదవుతుందన్న భయం పాత డిజైన్ల కాలం నాటిది.

ఫ్రేమ్ కొలతలు మాత్రం జాగ్రత్త. షాపులో బండిని కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడి చూస్తే సరిపోదు. కంపెనీ ఇచ్చే పట్టికలో రీచ్ అనే అంకె (పెడల్ ఇరుసు నుంచి హెడ్‌ట్యూబ్ పైభాగం దాకా అడ్డంగా ఉండే దూరం) చూడండి, మీకు 420 నుంచి 445 మిల్లీమీటర్ల మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. సైజు పేర్లని నమ్మొద్దు, ఒకరి స్మాల్ ఇంకొకరి మీడియం. మా జట్టులో ఒకామె మీ ఎత్తే. స్టాకులో ఉందని చెప్పి ఆమెకి లార్జ్ అంటగట్టారు. ఏడాది పాటు భుజాల నొప్పి తన తప్పే అనుకుంది. ఒకరోజు బండ్లు మార్చుకుని నా స్నేహితురాలి మీడియం తొక్కి, కొండ దిగాక తిరిగివ్వడానికి ఒప్పుకోలేదు.

హెడ్ యాంగిల్ అంటే ఫోర్కు ఎంత వాలి ఉందో చెప్పే కోణం. 70 డిగ్రీల పైన పాతకాలపు క్రాస్ కంట్రీ తీరు: మలుపుల్లో చురుకు, దిగుడులో ముందుకి తూలిపోతున్నట్టు భయం. 64 అయితే నిటారు దిగుడులో ధైర్యం, నెమ్మది ఎక్కుడులో ముందు చక్రం అటూ ఇటూ ఊగుతుంది. మీ దారికి 65.5 నుంచి 67 మధ్య తీసుకోండి. సీటు గొట్టం కోణం 75 డిగ్రీలు, ఆ పైన ఉంటే ఎక్కుళ్లలో బరువు పెడల్స్ మీదకి వస్తుంది. హ్యాండిల్ 780 మిల్లీమీటర్లతో వస్తే, కొన్నాళ్లు తొక్కాక 750కి కోయించుకోవచ్చు. చెట్ల మధ్య ఇరుకు దారులుంటే ఆ మూడు సెంటీమీటర్లు వేళ్లని కాపాడతాయి.

తర్వాత మార్చలేనివి ముందు చూడండి. బ్రేకులు, టైర్లు, సీటు, గేర్లు ఎప్పుడైనా మారతాయి. ఫ్రేమ్ మారదు. హెడ్‌ట్యూబ్ పైన సన్నగా కింద లావుగా, అంటే టేపర్డ్‌గా ఉండాలి. పైనుంచి కిందదాకా ఒకే సన్నటి గొట్టమైతే రేపు మంచి ఫోర్కు వేద్దామన్నా ఎంపిక తక్కువ. వెనక యాక్సిల్ 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్, హబ్ వెడల్పు 148 అయితే కొత్త చక్రాలు సులభంగా దొరుకుతాయి. హబ్ మీద ఫ్రీవీల్‌ని (వెనక గేర్ల కట్టని) నట్టులా తిప్పి బిగించే పాత పద్ధతి ఉంటే వద్దు. అందులో కుడివైపు బేరింగు లోపలికి ఉండిపోయి, యాక్సిల్ చివరికి ఆధారం ఉండదు, రాళ్ల దారిలో అది వంగుతుంది. మీ స్నేహితుడి సైకిల్ వెనక చక్రం ఊగుతోందన్నారు, విప్పి చూడండి, నూటికి తొంభై పాళ్లు వంగిన యాక్సిలే.

ఫోర్కు లోపల స్ప్రింగ్ కంటే గాలి ఉన్నది ఎంచుకోండి, మీ బరువుకి తగ్గట్టు గాలి పెట్టుకోవచ్చు. రైడ్ దుస్తుల్లో, బ్యాగుతో సహా, బండి మీద నిలబడినప్పుడు 120 ఫోర్కు దాదాపు 20 నుంచి 25 మిల్లీమీటర్లు దిగేలా పెట్టండి. ఇది షాపు నుంచి సరిగ్గా వచ్చిన బండి నేను ఇంతవరకు చూడలేదు. అల్యూమినియమా, కార్బనా అన్నారు: అల్యూమినియం. మీరు చెప్పిన ఖర్చులో కార్బన్ ఫ్రేమ్ వచ్చిందంటే మిగతాదంతా తగ్గిందన్నమాట.

టెస్ట్ రైడ్ ఇస్తే పార్కింగ్‌లో రెండు చక్కర్లు కొట్టి వచ్చేయకండి. వీలైతే మీ ట్రైల్ మీదకే తీసుకెళ్లనివ్వమని బతిమాలండి. కుదరకపోతే మెట్లు, కంకర, ఏదో ఒక ఎత్తు వెతకండి. కూర్చుని నిటారుగా ఎక్కండి, ముందు చక్రం లేస్తోందా చూడండి. నడక వేగంతో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పండి. నిలబడి, మోచేతులు వంచి, నాలుగు మెట్లు దిగండి. చేతులు చాచాల్సి వస్తే బండి పొడవెక్కువ, మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతుంటే తక్కువ.

ఆ రెండు ఎక్కుళ్ల పొడవు, వాలు కొలిచి ఇక్కడ రాయండి. ముందు 30 పళ్లు వేయించాలో 32 ఉంచాలో అది చూసి చెప్తాను. రాళ్ల దిగుడు ఫొటో కూడా, కింద నుంచి పైకి తీసింది పెట్టండి. పైనుంచి తీస్తే ఏ దిగుడైనా ఫొటోలో చదునుగానే కనిపిస్తుంది.